వండని ఒడిబియ్యం

పెళ్లిళ్ల కాలంలో జనగామలోని మా కుట్టు దుకాణం ముందు చెప్పులు విడిచే చోటు కూడా ఉండదు. పెళ్లికూతురి రవిక, తల్లి రవిక, ఆఖరికి ఎక్కడో మూల కూర్చునే మేనత్త రవిక కూడా రేపటికే కావాలంటారు. ఫ్యాను వేస్తే గుడ్డ ఎగిరిపోతుందని ఆపేసి, చెమటలో తడుస్తూ ఈ ఎండాకాలమంతా మిషను తొక్కాను. మధ్యలో మహబూబాబాద్‌లో ఒక పెళ్లికి, గార్లలో ఒక గృహప్రవేశానికి వెళ్లొచ్చాను. ఎక్కడికి వెళ్లినా చుట్టాలు విస్తరి ముందు కూర్చోగానే అడిగేది ఒకటే.

"మీ బావకు ఎట్లున్నదే?"

బాగాలేదని తెలిసే అడుగుతారు. నాకు ఒళ్లు మండేది.

మా అక్కను భూపాలపల్లికి ఇచ్చాం. బావ బొగ్గు లారీ నడిపేవాడు. ఊపిరితిత్తుల్లో గడ్డ ఉందని చలికాలంలో బయటపడింది. ఎండలు ముదిరేసరికి హనుమకొండ దవాఖానలో డాక్టర్లు చేతులెత్తేశారు. ఇంటికి తీసుకుపోయి ఇష్టమైనవి పెట్టమన్నారు. ఆ మాటకు అర్థం ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

పెద్దవంగరలో తమ్ముడి దగ్గర ఉండే, మమ్మల్ని కన్న అవ్వకు ఈ సంగతి పొద్దున తెలిసింది. సాయంత్రం తమ్ముణ్ని పిలిచి, "పెద్దదానికి ఒడిబియ్యం పోద్దాం," అంది.

మా వైపు ఆడబిడ్డకు మూడేళ్లకో ఐదేళ్లకో పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోస్తారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, కొత్త చీర. ఆ బియ్యాన్ని ఆమె అత్తింటికి తీసుకుపోయి, వండి, నలుగురినీ పిలిచి పెట్టాలి. భర్త ఉన్న ఆడదానికే ఆ ముచ్చట. అక్కకు కిందటేడే పోశాం. అవ్వ తొందర ఎందుకో అందరికీ అర్థమైంది. బాపు చనిపోయిన ఏడు అవ్వకు మా మేనమామలు పోయాల్సి ఉండగా, పంట చేతికి వచ్చాక చూద్దామని వాయిదా వేశారు. పంట వచ్చేలోపు బాపు పోయాడు.

"నాకు గట్లయింది. నా బిడ్డకు కావద్దు," అంది అవ్వ.

అక్కకు అనుమానం రాకుండా అక్కచెల్లెళ్లం ఇద్దరికీ కలిపి పోస్తున్నామని చెబుదామన్నాడు తమ్ముడు. వెళ్లి చెప్పే పని నా నెత్తిన పడింది. కుట్టాల్సిన రవికల కుప్పను అలాగే వదిలేసి భూపాలపల్లి బస్సెక్కాను.

నేను వెళ్లేసరికి అక్క బావ కోసం జావ కాస్తోంది. "తమ్మునికి మిర్చి మంచిగ పండిందట. మనిద్దరికి ఒడిబియ్యం పోస్తడట," అన్నాను.

అక్క గరిటె తిప్పడం ఆపలేదు. "పోయినేడే పోసిండు గదనే. ఏడు తిరగకముందే మల్లెందుకు?" అంది. నేను నోరు తెరిచేలోపే మళ్లీ తనే, "అవ్వకు చెప్పు. మా ఇంట్ల మనిషి మంచిగనే ఉన్నడు. మీరేం తొందర పడకుండ్రి," అంది. ఆమె నాతో అంత కటువుగా ఎప్పుడూ మాట్లాడలేదు.

ముందు గదిలో మంచం మీది నుంచి బావ పిలిచాడు. "ఏం మరదలా, అల్లునికి ఏం బట్టలు పెడ్తరట? ధోవతి పెట్టమను. ప్యాంటు నడుము మీద నిలుస్తలేదు." నవ్వబోయి దగ్గులో పడ్డాడు. అక్క పరుగెత్తి వీపు నిమిరింది. దగ్గు తగ్గాక ఆమె చెయ్యి పట్టుకుని అన్నాడు: "పోదాం తియ్యి. నీ కోసం కాదే. నాకు ఒడిబియ్యం అన్నం తినబుద్ధయితాంది."

దాంతో అక్క కాదనలేకపోయింది.

పెద్దవంగరలో బావను కారులోంచి తమ్ముడే ఎత్తుకొచ్చినంత పని చేసి పీట మీద కూర్చోబెట్టాడు. వాడకట్టు ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు అక్క ఒడిలో బియ్యం పోశారు. భర్త లేని అవ్వ పోయకూడదు కాబట్టి వంటింటి గడప లోపలే కూర్చుంది. చివర వచ్చిన ముసలామె అలవాటు కొద్దీ, "నూరేండ్లు పసుపు కుంకుమలతోని ఉండు బిడ్డా," అని దీవించింది. పక్క పీట మీద నా ఒడిలోనూ బియ్యం పడుతున్నాయి. అక్కను నమ్మించడానికి నేను అక్కడ కూర్చున్నాను, ఆమె నమ్మనే లేదు. ఎటు చూడాలో తెలియక బియ్యంలోకే చూస్తూ ఉన్నాను.

నా బియ్యం నేను ఆ వారంలోనే వండి దుకాణం పక్కవాళ్లకు పెట్టాను. అక్క మాత్రం వండలేదు. ఫోన్ చేసినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పేది. అమావాస్య పోనీ అనేది, ఎండకు చుట్టాలు ఎవరొస్తారనేది. చూసి చూసి మళ్లీ వెళ్లాను. బియ్యం మూట అటక మీద ఉంది. "మీ అక్క ఒండుతలేదు మరదలా. జర నువ్వన్నా చెప్పు," అన్నాడు బావ. అప్పటికి జావ కూడా చెంచాతో పట్టాల్సి వస్తోంది.

పెరట్లో గిన్నెలు తోముతున్న అక్కను నిలదీశాను. ఏం మొండితనమే నీది అన్నాను. ఆమె బూడిద చేతులతోనే లేచి నిలబడింది.

"ఒండితె అయిపాయె గద. గా ఆశ ఒక్కటే ఉన్నది ఆయనకు. గదీ తీరినంక ఇంక దేని కోసం ఉంటడే?"

జనగామకు తిరిగొచ్చి మళ్లీ మిషను ముందు కూర్చున్నాను.

మొదటి వానలు పడ్డ వారం బావ పోయాడు. మూడో రోజు పిట్టకు పెట్టాలి. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని అంటారు. ఏమేం వండాలని పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే, అక్క స్టూలు వేసుకుని అటక మీది మూట దించింది. పసుపు బియ్యం చూసి బావ మేనత్త అడ్డం పడింది. "ఒడిబియ్యం సావుకు ఒండుతరా? ఎక్కడన్న ఉన్నదా?" అంది.

అందరూ మా అవ్వ వైపు చూశారు. ఇలాంటి వాటిలో పట్టు విడవని మనిషి ఆమె.

"ఒండనియ్యుండ్రి," అంది అవ్వ.

అక్కే కడిగింది, అక్కే ఎసట్లో పోసింది. మగవాళ్లు ఆ పచ్చటి అన్నాన్ని, కూరను తీసుకెళ్లి చెరువు కట్ట కింద ఆకులో పెట్టారు. మేం దూరంగా నిలబడ్డాం. ఎక్కువసేపు ఆగాల్సిన పని పడలేదు. ఒక కాకి దిగింది, వెనకే ఇంకో రెండు. "ముట్టింది, ముట్టింది," అంటూ అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మేనత్త కూడా కళ్లు తుడుచుకుని దండం పెట్టింది.

అక్క నా భుజం గట్టిగా పట్టుకుంది.

"పిట్ట తిన్నదే," అంది. "ఆయన నోరు తెరిచి అడిగిండు, నేను పెట్టలే."