బాపు పెట్టిన క్యాడెట్ పోరు

మా బాపు ఫోన్ చేస్తే "తిన్నవా బిడ్డా" అని అడగడం ఆ ఏడాది పూర్తిగా మానేశాడు. "అప్లై చేసినవా?" ఇదే మొదటి మాట, ఇదే ఆఖరి మాట. మధ్యలో ఏమైనా మాట్లాడితే అదీ దాని గురించే.

నేను కరీంనగర్‌లో యూనివర్సిటీ కాలేజీలో చేరిన ఏడాది సంగతి ఇది. కాలేజీలో క్యాడెట్ల శిక్షణ ఉంటుంది. ఖాకీ బట్టలు, తెల్లవారకముందే కవాతు, సెలవుల్లో క్యాంపు. ఆ ముక్క బాపు చెవిన వేయడమే నా ఖర్మ. హాస్టల్ తిండి గురించి గోడు వెళ్ళబోసుకుంటూ, "పొద్దుగాల్నే గ్రౌండ్ల విజిళ్ళు బాపూ, పండనిస్తలేరు" అన్నాను. ఆయనకు తిండి వినపడలేదు, నిద్ర వినపడలేదు. విజిల్ ఒక్కటే వినపడింది.

"అండ్ల ఆడిపిల్లలను తీసుకుంటరా?"

"తీసుకుంటరు. మనకెందుకది?"

"మనకెందుకంటవేంది? పెట్టు అర్జీ."

బాపు బొగ్గుబాయిలో పనిచేస్తాడు. మంచిర్యాల దాటి కొంత దూరం పోతే కంపెనీ కాలనీలో మా క్వార్టర్. మేడ మీద ఇల్లు. షిఫ్టు నుంచి వచ్చి మెట్లెక్కాక గుమ్మం పట్టుకుని కాసేపు నిలబడి, ఊపిరి కూడదీసుకున్నాకే చెప్పులు విప్పుతాడు. ఆ కాసేపు ఏడాదికేడాదికి పెరుగుతూ వచ్చింది. అవ్వ, అంటే మా అమ్మ, చూస్తూనే ఉంది, నేనూ చూస్తూనే ఉన్నాను.

మా కాలనీలో అన్‌ఫిట్ అంటే శుభవార్త. బయటివాళ్ళకిది చెబితే నవ్వుతారు. జబ్బుపడ్డ కార్మికుడిని మెడికల్ బోర్డు పరీక్షించి, ఇక బాయి దిగడానికి పనికిరాడని తేలిస్తే ఆ ఉద్యోగం ఇంట్లో పిల్లలకు వస్తుంది. ఎవరైనా అన్‌ఫిట్ అయ్యారంటే ఆ ఇంటికి చుట్టాలొస్తారు, మిఠాయిలు పంచుతారు. ఇప్పుడు ఆడపిల్లలకూ ఇస్తున్నారు. మా ఇంట్లో నేనొక్కదాన్నే. కాకపోతే రిటైర్మెంటుకు రెండేళ్ళ ముందే దరఖాస్తు పెట్టుకోవాలి, ఆ తర్వాత తీసుకోరు. బాపుకు ఆ గడువు దసరాతో అయిపోతుంది.

"బోర్డుకు అర్జీ పెట్టుకో బాపూ," అని ఎన్నిసార్లు చెప్పానో. "నువ్వు ఇంట్ల కూసో. నేను నౌకరి జేస్త." నా మనసులో మాటే అది. ఆయన బాయి దిగడం మానాలి, నేను మా ఊళ్ళోనే ఉండాలి. ఇంతకన్నా నేను కోరుకున్నది ఏమీ లేదు.

"చూద్దాం తియ్యి. ముందుగాల నువ్వు అర్జీ పెట్టినవా?"

ఆ పోరు నాతో ఆగితే బాగుండేది. బాయిమీద మస్టర్ దగ్గర, హాజరు వేయించుకునే ప్రతి ఒక్కరికీ చెప్పేశాడు. నేను సెలవుకు వచ్చి బస్సు దిగితే కూరగాయలమ్మే ఆమె "మిల్ట్రీల జేరినవట గదా బిడ్డా, పైలంగ ఉండు" అంది. టైలర్ కొలతలకు రమ్మన్నాడు. ఇంకా దరఖాస్తే పెట్టలేదు మొర్రో అంటే ఎవరూ వినరు. సిగ్గుతో చచ్చి ఇంటికి వెళితే, బాపు గుమ్మంలోనే కొత్త బూట్లు పెట్టుకుని కూర్చున్నాడు. నాకు ఒక సైజు పెద్దవి. "మందం సాక్సులేసుకో, సరిపోతయి" అని తీర్పు కూడా ఇచ్చేశాడు.

మర్నాడు నైట్ షిఫ్టు దిగి వచ్చి పడుకోకుండా నన్ను లేపి రోడ్డెక్కించాడు. నేను ముందు పరుగు, ఆయన వెనక మొపెడ్. నేను నెమ్మదిస్తే హారన్. ఆ చప్పుడుకు కాలనీ కుక్కలన్నీ లేచి మా వెంటపడ్డాయి. వాకిళ్ళు ఊడ్చేవాళ్ళు చీపుర్లు పట్టుకుని నిలబడి చూశారు.

"బాపూ, హారన్ కొట్టకు! ఇజ్జత్ పోతుంది!"

"నువ్వు ఆగకు, నేను కొట్ట!"

ఏ జన్మలో పాపమో అనుకుని, చివరికి ఆ పోరు పడలేకే దరఖాస్తు పెట్టాను. పెట్టానని చెప్పాక ఒక్కపూట ప్రశాంతంగా గడిచింది. సెలక్షన్‌కు మెడికల్ సర్టిఫికెట్ కావాలని తెలియగానే మళ్ళీ మొదలు.

"మెడికల్" అన్న మాట గోడ దాటి పక్క క్వార్టర్ పెద్దమ్మకు చేరింది. వాళ్ళాయన అన్‌ఫిట్ అయితేనే కొడుక్కు ఉద్యోగం వచ్చింది. ఆమె తలంటుకుని, కొత్త చీర కట్టుకుని, ఎండుకొబ్బరి కుడుకల్లో చక్కెర పోసుకుని వచ్చింది. నాకు బొట్టు పెట్టి తల మీద చెయ్యి వేసింది.

"సమ్మక్క తల్లి దయ. నువ్వు అన్‌ఫిట్ గావాలె బిడ్డా."

మనసారా దీవించింది పాపం. బాపు కుర్చీలోంచి లేచాడు.

"ఓ వదినా! ఏం మాటలవి? దానికి ఫిట్ గావాలె, ఫిట్!"

"ఫిట్ అయితే ఏమొస్తది మరిదీ?" పెద్దమ్మ నిజంగానే అడిగింది. మా కాలనీలో ఆ ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు ఉండదు. ఆమె మళ్ళీ అందుకుంది. "పిల్ల ముచ్చట తర్వాత. నువ్వెప్పుడు పెడుతున్నవు అర్జీ? దసరా దగ్గరవడ్డది."

ఆయన మొపెడ్ తాళం వెతుక్కుంటూ బయటికి నడిచాడు. నేను మెట్ల మీద అడ్డం నిలబడ్డాను.

"నేను సెలక్షన్‌కు పోత. నువ్వు బోర్డుకు పోవాలె. మాటియ్యి."

"ముందుగాల నువ్వు సెలెక్టు గా. అప్పుడు మాట్లాడుదాం."

అదే మాట ఇచ్చినట్టనీ, దసరా లోపు అర్జీ పెట్టేస్తాడనీ అనుకున్నాను. నా తెలివి అలా తెల్లారింది.

సెలక్షన్ దసరా సెలవులయ్యాక పెట్టారు. గ్రౌండ్‌లో పరుగెత్తుతుంటే వెనక హారన్ లేకపోవడం వింతగా ఉంది. అయినా ఎక్కడా ఆగలేదు. సాయంత్రం పేర్లు చదివినప్పుడు నా పేరు వినపడింది. నాకు సంతోషమే కలిగింది, దాచుకోవడం దేనికి. వెంటనే ఫోన్ చేశాను.

"సెలెక్టయిన బాపూ! నువ్వు బోర్డుకు అర్జీ పెట్టినవా?"

ఆయన ఊపిరి కూడదీసుకోవడం వినపడింది.

"ఇంకేం బోర్డు బిడ్డా. గడువు అయిపాయె."

"పెట్టనేలేదా? దసరాతోనే గడువని నీకు ఎరుకలేదా?"

"ఎరుకే."

"మరి పెట్టనని చెప్పకపోతివి?"

"చెప్తే నువ్వు ఊకుంటవా? నేను అర్జీ పెడితే నువ్వు చదువిడిచి గీడనే ఉంటవు. నా నౌకరి నీకొద్దు. నేను ఇన్నేండ్లు బాయి దిగింది మళ్ళ నువ్వు గీ గేటు కాడ మస్టర్ పడేతందుకు కాదు."

మేము బోర్డు మాట ఎత్తిన ప్రతిసారీ ఆయన క్యాడెట్ మాట ఎందుకు ఎత్తాడో అప్పుడు అర్థమైంది. అవ్వనూ నన్నూ ఆ పరుగుల్లో, ఆ బూట్లలో పడేసి దసరా దాటించేశాడు.

"మరి ఇంకో రెండేండ్లు ఆ బాయిలకు దిగుతవా? గా ఊపిరితోని?"

"దిగుత. రెండేండ్లెంత సేపు? పరేషాన్ గాకు." ఆ వెంటనే గొంతు మార్చి, "టోపీ గూడ వాళ్ళే ఇస్తరా?" అన్నాడు.

నేను ఫోన్ పెట్టేశాను. గ్రౌండ్ గోడ పక్కన కూర్చుని కోపంతో ఏడ్చాను. ఉద్యోగం పోయినందుకు కాదు. నన్ను ఒక్క మాట అడగకుండా, నా కోసమని తన ఊపిరిని పణంగా పెట్టినందుకు. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు. ఆయన మీద అంత ప్రేమ లేకపోతే ఎప్పుడో తగ్గేది.

మొదటి కవాతుకు వెళ్ళకూడదనే పడుకున్నాను. కానీ తెల్లవారకముందే మెలకువ వచ్చేసింది. బాపుకు ఆ వారం మొదటి షిఫ్టు. ఆ సమయానికి ఆయన గుమ్మంలో కూర్చుని బాయికి వెళ్ళే బూట్లు కట్టుకుంటూ ఉంటాడు. నేను లేచి నా బూట్లు కట్టుకున్నాను.