ఉప్పునీళ్ళకు చదవడం రాదు

నైట్రిక్ ఆమ్లం ఘాటు ముక్కు కంటే ముందు కళ్ళను పట్టుకుంటుంది. ఈమధ్య మా ల్యాబులో కొత్తగా చేరిన పరిశోధక విద్యార్థిని ఒకామె, పొగను బయటికి లాగే ఫ్యాను వెయ్యడం మరిచి సీసా మూత తీసింది. అందరూ దగ్గుతూ వరండాలోకి పరుగెత్తారు. నేను మాత్రం కిటికీ రెక్క మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాను. కళ్ళు మండి నీళ్ళు కారుతుంటే, ఆ నీళ్ళలోంచి మా జుబేదా మేడమ్ కనిపించారు. మంగళగిరి నేతచీర, తల మీదుగా తెచ్చి ముక్కుకు అడ్డం కట్టుకున్న కొంగు, ఆ కొంగు నిండా ఆమ్లపు చుక్కలు చేసిన చిల్లులు. ‘‘మండితే మండనీ. కళ్ళు మూసుకుని చేసే పని కాదిది’’ అనేవారు.

తొంభైల చివర్లో విజయవాడ శివార్లలోని ఒక కాలేజీలో ఆమె దగ్గర పరిశోధన చేశాను. స్టెయిన్‌లెస్ స్టీలు ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు తుప్పు పడుతుందన్నది ఆమె జీవితకాలపు ప్రశ్న. ఆ ప్రశ్న ఆమెకు పుస్తకాల్లో దొరకలేదు. వాళ్ళ నాన్నగారికి వన్‌టౌన్‌లో స్టీలు సామాన్ల మీద పేర్లు కొట్టే చిన్న కొట్టు ఉండేది. పెళ్ళికి ఇచ్చే బిందె మీద, గృహప్రవేశానికి ఇచ్చే పళ్ళెం మీద పేరు లేకపోతే మనవాళ్ళకు ఇచ్చినట్టే ఉండదు. ఆయన రోజంతా అదే పని చేసేవారు. బందరు వైపు ఉప్పునీటి బావులున్న ఊళ్ళ నుంచి కొందరు ఆ బిందెలను వెనక్కి తెచ్చి చూపించేవారట. బిందె బాగానే ఉండేది, పేరు మాత్రం గోధుమరంగుకు తిరిగేది. ‘‘స్టీలే నాసిరకం’’ అనేవారు ఆయన. ‘‘కాదు అబ్బాజాన్, నీ మిషను సూదే’’ అనేది పదేళ్ళ కూతురు. ఆ మాటకు రెండు రోజులు ఆయన కూతురితో మాట్లాడలేదట. ‘‘నా మాట నిజమని రుజువు చెయ్యడానికి నాకు పద్దెనిమిదేళ్ళు పట్టింది. అప్పటికి ఆయన లేరు. ఉంటే మళ్ళీ రెండు రోజులు మాట్లాడేవారు కాదు’’ అని నవ్వేవారు.

నేను చేరిన మొదటిరోజు ఒకే ప్రశ్న అడిగారు. ‘‘స్టెయిన్‌లెస్ స్టీలంటే ఏంటమ్మా?’’

‘‘తుప్పు పట్టని స్టీలండీ.’’

‘‘అది సామాన్ల కొట్టాయన చెప్పే మాట. నువ్వు చెప్పు.’’

చివరికి ఆమే చెప్పారు. అందులో ఉన్న క్రోమియం గాలితో కలిసి పైన కంటికి కనపడనంత పల్చటి పొర కట్టుకుంటుంది. గీరుకుపోతే ఆ పొర తనంతట తనే మళ్ళీ కట్టుకుంటుంది. కానీ గీత లోతైనదై, ఆ గాడిలో ఉప్పునీళ్ళు చేరి, గాలి ఆడకపోతే కట్టుకోలేదు. అక్కడి నుంచి లోపలికి తినేస్తుంది. ‘‘మన ఒళ్ళు కూడా ఉప్పునీళ్ళే. అందుకే ఎముకలకు బిగించే ప్లేటును అంతా అయ్యాక చివరగా నైట్రిక్ ఆమ్లంలో కడుగుతారు. ఆ స్నానం అయ్యాక దాన్ని ఇంకెవరూ గీరకూడదు.’’ నేను పుస్తకంలో రాసుకున్నాను. రాసుకుంటున్నప్పుడు నా గుండె ఝల్లుమనలేదు. అనాల్సింది.

ల్యాబులో ఆమె ఒక రిజిస్టరు పెట్టారు. ఏ లోహపు ముక్క వచ్చినా, అది ఏ రకం స్టీలు అన్న గడి కంటే ముందు ‘ఎవరి చేతులు’ అన్న గడి ఉండేది. కోసినవాళ్ళు, రుద్దినవాళ్ళు, తెచ్చినవాళ్ళు, చివరికి దాన్ని చీరకొంగుతో తుడిచినవాళ్ళు కూడా అందులో పేరు రాయాలి. ఆమె పేరు కూడా చాలాచోట్ల ఉండేది. ఒకసారి ఓ ముక్క మీద చెమట వేలిముద్ర మచ్చ పడితే, ‘జుబేదా, తొందరలో’ అని రాసుకున్నారు.

ఇక నా తప్పు చెప్పాలి. నేను విశ్వాసుల ఇంట్లో పుట్టాను. అక్షరాల కంటే ముందు బైబిలు వాక్యం నేర్చుకున్నాను. ప్రతి ఆదివారం సండే స్కూలు పిల్లలకు పాఠం చెప్పేదాన్ని. మా సంఘానికి ఊరి చివర ఒక చిన్న ఆసుపత్రి ఉండేది. మేడమ్ దగ్గర చేరడానికి కొన్ని నెలల ముందు, మా యవ్వనస్థుల కూటమి చందాలు వేసుకుని, కాళ్ళూ చేతులూ విరిగిన పేదవాళ్ళ కోసం ఒక పెట్టెడు స్టీలు ప్లేట్లు కొని ఇచ్చింది. ఆసుపత్రికి ఇచ్చేముందు వాటి మీద ఏదైనా రాయించాలన్న ఆలోచన నాదే. దేవుడు తనవారి ఎముకలను కాపాడతాడని ఒక కీర్తనలో వాగ్దానం ఉంది. ఆ వచనం సంఖ్య, పక్కన మా సంఘం పేరు పొడి అక్షరాల్లో. ఫ్యాను రెక్కల మీదా బల్లల మీదా దాతల పేర్లు రాయించే జనం మధ్య పెరిగినదాన్ని. రోగి ఒంట్లోనే వాక్యం ఉంటుంది గదా అని మురిసిపోయాను. పెట్టె నేనే మోసుకుని సామాన్ల బజారుకు వెళ్ళాను.

‘‘ఇవేంటమ్మా, గరిటెలా?’’ అన్నాడు పేర్లు కొట్టే ఆయన.

‘‘ఎముకల్లో పెట్టేవండీ.’’

‘‘అమ్మో! పైపైన కొట్టమంటారా, లోతుగానా?’’

‘‘లోతుగానే కొట్టండి. చెరిగిపోకూడదు.’’

ఆ ప్లేట్లలో ఒకటి ఏసోబు మావయ్య కాలిలోకి వెళ్ళింది. ఆయన మైలవరం వైపు మామిడితోటల్లో కాయలు కోసేవాడు. కొమ్మ విరిగి పడ్డాడు. మందిరంలో ఎప్పుడూ చివరి చాప మీద కూర్చుని, పాట అయిపోయాక కూడా ఒక్క చరణం ఎక్కువ పాడే మనిషి. ప్లేటు వేసిన పది నెలలకు, తోటలో నడుస్తుండగానే అది కాలి లోపల రెండుగా విరిగింది. ఆసుపత్రి డాక్టరుగారు ఆ రెండు ముక్కలూ కాగితంలో చుట్టి నాకిచ్చారు. ‘‘మీది స్టీలు ల్యాబే గదమ్మా, ఎందుకు విరిగిందో చూపించి చెప్పు. ఇదే పెట్టెలోవి ఇంకా చాలామందికి వేశాను’’ అన్నారు.

మేడమ్ ఆ ముక్కలను మైక్రోస్కోపు కింద పెట్టి చాలాసేపు చూశారు. తర్వాత నన్ను చూడమన్నారు. పగులు సరిగ్గా అక్షరాల మీదుగా నడిచింది. ప్రతి గీత అడుగునా నల్లటి గుంటలు. ‘‘ఇది కొట్టిన చెయ్యి సామాన్ల బజారుది. ఆ వంపు నాకు తెలుసు’’ అన్నారు. రిజిస్టరు తెరిచారు. ‘‘ఎవరు తీసుకెళ్ళి కొట్టించారో కనుక్కో. రాయాలి.’’

కనుక్కుంటానన్నాను. నాలుగు రోజులు కనుక్కుంటూనే ఉన్నాను. ఐదోరోజు పొద్దున ఆమె ఇంకా రాకముందే రిజిస్టరు తీసి, ‘ఎవరి చేతులు’ గడిలో ‘కరుణ’ అని నా పేరు రాసి, బల్ల మీద తల పెట్టుకుని ఏడుస్తూ కూర్చున్నాను. మేడమ్ వచ్చి చదివారు. నా తల నిమరలేదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నారు.

‘‘ఏడుపు తర్వాత. ఎన్ని కొట్టించావు? ఎవరెవరి ఒంట్లో ఉన్నాయి? పెట్టెలో ఇంకెన్ని మిగిలాయి?’’

ఆ మూడు ప్రశ్నలే ఆమె నాకిచ్చిన ఓదార్పు. అంతకంటే మంచి ఓదార్పు నాకు జీవితంలో దొరకలేదు.

అనుమానం చాలదు, రుజువు కావాలన్నారు. అదే రకం కొత్త ప్లేట్లు మూడు తెప్పించారు. ఒకదాన్ని ఎవరూ ముట్టుకోలేదు. రెండోదాని మీద, వాళ్ళ నాన్నగారి పాత మిషనుతో, మా వచనం సంఖ్యనూ సంఘం పేరునూ అచ్చం అలాగే కొట్టారు. మూడోదాని మీద ‘కిలో వంకాయలు’ అని కొట్టారు. మూడింటినీ ఒంటివేడి ఉప్పునీళ్ళలో ఉంచి, మనిషి నడుస్తున్నట్టు మెల్లగా వంచుతూ వదులుతూ ఉండే యంత్రానికి తగిలించాం. నాకు మనసులో గుచ్చుకుంది.

‘‘వాక్యం పక్కన వంకాయలేంటి మేడమ్?’’

‘‘తప్పనిపించిందా? మా వాక్యం రాద్దామంటే నా చెయ్యి ఆడలేదు. నీ వాక్యం రాసేముందు కూడా నమాజుకు కడుక్కున్నట్టే కాళ్ళూ చేతులూ కడుక్కుని రాశాను. మర్యాద మనకుండాలి. కానీ ఉప్పునీళ్ళకు చదవడం రాదమ్మా.’’

వాక్యం ఉన్నదీ వంకాయలు ఉన్నదీ ఒకే వారంలో విరిగాయి. ముట్టుకోని ప్లేటు మెరుస్తూనే ఉంది.

ఈ సంగతి ఎలా పాకిందో, కాలేజీ కరస్పాండెంటుగారు మమ్మల్ని పిలిపించారు. ‘‘మేడమ్, మీరు ముస్లింలు. వాళ్ళ వాక్యం వల్ల కాలు విరిగిందని మీరు కాగితం ఇస్తే ఊళ్ళో ఏమవుద్దో తెలుసా? తయారీ లోపం అని ఒక్క ముక్క రాసెయ్యండి, అందరం ప్రశాంతంగా ఇళ్ళకు పోదాం.’’

‘‘తయారీలో లోపం లేదండీ. ఆ ప్లేటు చేసినాయన ఎక్కడున్నాడో పాపం, ఆయన్ని దొంగను చెయ్యమంటారా? వాక్యం వల్ల విరిగిందని కూడా నేను రాయలేదు. గీత వల్ల విరిగిందని రాశాను. వంకాయలు రాసినా విరిగింది, చూస్తారా?’’

‘‘ల్యాబు తాళం నా దగ్గరుందని మర్చిపోతన్నారు మీరు.’’

‘‘వేసుకోండి. మా అబ్బాజాన్ కొట్టు ఇంకా ఉంది. అక్కడ కూర్చుని రాస్తాను.’’

ఆయన నిజంగానే తాళం వేయించారు. మేడమ్ నిజంగానే వన్‌టౌన్ కొట్టులో, బిందెల మధ్య పీట వేసుకుని నివేదిక పూర్తిచేశారు. నా థీసిస్ రెండేళ్ళు వెనక్కి పోయింది. నివేదిక నా చేతికిస్తూ, ‘‘కాగితం నాది, నోరు నీది. వాళ్ళు నా మాట వినరు, వినక్కర్లేదు కూడా. ఆ ప్లేట్లు ఒంట్లో పెట్టుకుని తిరుగుతున్నవాళ్ళు నీవాళ్ళు’’ అన్నారు.

మా సంఘం పాస్టరుగారు నన్ను ఎత్తుకుని పెంచినంతవారు. నివేదిక చదివి కళ్ళజోడు తీసేశారు. ‘‘అమ్మా కరుణా, దేవుని అనుమతి లేకుండా ఏదీ జరగదు. దీన్ని పదిమందిలో చెబితే వాక్యం మీద నింద పడుతుంది. డాక్టరుగారికి మెల్లగా చెబుదాంలే.’’ పక్కనున్న సంఘపెద్ద ఒకాయన, ‘‘ఆ సాయిబులావిడ చెప్పిందని మన వాగ్దానాన్ని మనమే కొట్టేసుకుంటామా?’’ అన్నాడు. మెల్లగా అంటే ఎప్పుడని అడిగాను. పాస్టరుగారు నివేదికను మడిచి నా చేతికిచ్చేశారు. ఆ వారమే డాక్టరుగారు పెట్టెలోంచి ఇంకో ప్లేటు తీయబోతే, మిగిలినవి వాడొద్దని నేనే వెళ్ళి ఆయన్ని ఆపాను. కానీ అప్పటికే వేయించుకుని వెళ్ళినవాళ్ళు నాలుగు వైపులా ఊళ్ళలో ఉన్నారు. వాళ్ళందరినీ ఒకచోట పట్టుకోగలిగేది ఆదివారం ఒక్కటే.

ఆ ఆదివారం మందిరంలో, దేవుడు తమకు చేసిన మేళ్ళను అందరూ సాక్ష్యాలుగా చెప్పుకునే వేళ లేచి నిలబడ్డాను. మైకు తీసుకుని, ‘‘ఆ ప్లేట్ల మీద వచనం చెక్కించింది నేనే. దేవుడు వాగ్దానం ఇచ్చాడు, దాన్ని ఇనుము మీద గీకమని ఆయన నాతో చెప్పలేదు. నా గొప్ప కోసం గీకించాను. ఆ గీతల దగ్గరే అవి విరుగుతాయి. మీలో ఎవరి ఒంట్లో ఆ ప్లేటున్నా రేపే వచ్చి ఎక్స్‌రే తీయించుకోండి’’ అన్నాను. మధ్యలోనే మైకు ఆగిపోయింది. ఎవరు కట్టేశారో వెనక్కి తిరిగి చూడలేదు. సండే స్కూలు చెప్పిన గొంతు, మైకు లేకపోయినా గోడల దాకా వెళుతుంది. గొడవ మొదలైంది. ‘‘కూర్చో అమ్మాయ్!’’ అని పెద్దలు, ‘‘ప్రభువా!’’ అని ఆడవాళ్ళు. చివరి చాప మీద చేతికర్ర టకటకలాడింది. ఏసోబు మావయ్య లేచాడు.

‘‘చెప్పనియ్యండయ్యా! విరిగింది మీ కాలా, నా కాలా?’’

అప్పుడు పాస్టరుగారు, ఆయన గొప్పదనం కూడా చెప్పాలి, తన చేత్తోనే మైకు వేసి, ఆ మాట మళ్ళీ మొదటినుంచి చెప్పమన్నారు.

సోమవారం నుంచి ఒక్కొక్కరే వచ్చారు. కొందరి ప్లేట్లు ఇంకా బాగానే ఉన్నాయి, సమయానికి తీసేశారు. ఇద్దరికి లోపల కండ నల్లబడింది, శుభ్రం చేసి మార్చారు. ఇంకెవరి కాలూ విరగలేదు. ఏసోబు మావయ్యకు కొత్త ప్లేటు వేసే రోజు మేడమ్ కూడా ఆసుపత్రికి వచ్చారు. ప్లేటు తిప్పి తిప్పి చూపించారు. నున్నగా ఉంది.

‘‘దీని మీద ఏమీ రాయలేదేంటమ్మా? ఇది మనదని దేవుడికెట్టా తెలుస్తది?’’ అన్నాడు మావయ్య, సగం నవ్వుతూ సగం బెంగగా.

‘‘కాలు ఎవరు పెట్టారు ఏసోబుగారూ?’’ అన్నారు మేడమ్.

‘‘ఆయనే.’’

‘‘మరి ఆయనకు అడ్రసు మనం రాయాలా?’’

మావయ్య పెద్దగా నవ్వాడు. మేడమ్‌కీ నాకూ మధ్య దేవుని గురించి జరిగిన చర్చంతా కలిపినా ఆ రెండు ముక్కలకు మించదు.

మేడమ్ ఈ లోకం నుంచి వెళ్ళిపోయి కొన్నేళ్ళయింది. నేనిప్పుడు ఎముకల్లో బిగించే స్టీలు మీద వేసే రక్షణ పూతల గురించి పనిచేస్తున్నాను. సంఘపెద్దలు నన్ను సండే స్కూలు నుంచి తీసేశారు. మందిరం నుంచి తీసెయ్యడం వాళ్ళ చేతుల్లో లేదు గనుక ప్రతి ఆదివారం ముందు చాప మీదే కూర్చుంటాను. నా విశ్వాసం పలచబడిందేమోనని జాలిపడేవాళ్ళున్నారు. పలచబడలేదు. నా గొప్పను దేవుని పేరుతో పిలవడం మాత్రం మానేశాను. ఏటా సాక్ష్యాల కూటం వస్తుంది. అందరూ తమకు జరిగిన మేళ్ళు చెబుతారు. నా వంతు రాగానే లేచి, పెట్టె మోసింది ఎవరో, లోతుగా కొట్టమన్నది ఎవరో, నిజం కోసం ల్యాబు పోగొట్టుకున్న ముస్లిం మేడమ్ ఎవరో పేర్లతో సహా చెబుతాను. ‘‘మళ్ళీ అదేనా?’’ అని వెనక ఎవరో గొణుగుతారు.

మళ్ళీ అదే.