రాజో, రాణో

ఎనిమిదో తరగతి అర్ధ సంవత్సర పరీక్షలో ఓరుగల్లు రాణి గురించి రాయమన్నారు. "పాలించింది" అని మొదలుపెట్టాను. శాసనాల్లో ఆమెకు మగపేరే ఉందని, మహారాజు అనే చెక్కించారని మా చరిత్ర టీచరమ్మ చెప్పింది గుర్తొచ్చి, కొట్టేసి "పాలించాడు" అని దిద్దాను. తర్వాతి వాక్యంలో ఆ మహారాజు ఆడపిల్లల్ని కనాల్సి వచ్చింది. ఇదెక్కడి గొడవరా అని అంతా కొట్టేసి "పాలించెను", "కనెను", "శత్రువులను తరిమెను" అని రాసి తప్పించుకున్నాను. టీచరమ్మ పక్కన ఎర్రసిరాతో "ఎవరు?" అని రాసింది.

అది డెబ్భైల చివర. మాది ఆళ్లగడ్డ. నాయన సేద్యం చేసేవాడు. కొడుకుల్లేరు. ఇద్దరం ఆడపిల్లలమే, నేనూ, నాకంటే రెండేళ్లు చిన్నదైన చెల్లెలూ. "ఎనిమిదైనాక ఇంగ సాలు. ఎవురైనా సరే ఇంటికాడ ఉండాల్సిందే" అని నాయన ముందే తేల్చేశాడు. ఆ మాట తలుచుకుంటే నాకు అన్నం సయించేది కాదు. నా చదువు అంతంత మాత్రమే, కానీ బడి లేని బతుకు ఊహకే అందేది కాదు. చెల్లెలు మాత్రం నిజంగా చదువరి. నా లెక్కలు కూడా అదే చేసిపెట్టేది.

టీచరమ్మ రోజూ నంద్యాల నుంచి బస్సులో వచ్చేది. ఆదివారం చర్చిలో పాటలు పాడించే మనిషి, బడిలో మాత్రం గొంతు గరుకు. ఆ ఏడు వార్షికోత్సవానికి ఓరుగల్లు రాణి నాటకం వేయిస్తానని, తరగతిలో నేనే పొడుగు గనక నన్ను రాణి అంది. నాకు వెంటనే నాయన గుర్తొచ్చాడు. అంతకుముందేడు డాన్సులో చేరతానంటే, "స్టేజీ మీద ఆడేసం కట్టినావంటే కాళ్లిరగ్గొడతా" అన్నాడు నాయన.

ఆ సాయంత్రం ఎద్దులకు మేత వేస్తున్న నాయన దగ్గరికెళ్లి నాటకంలో ఉన్నానని చెప్పాను.

"ఏం ఏసం?"

"మహారాజేసం నాయనా."

అది అబద్ధం కాదు, శాసనంలోనే ఉంది.

"మీసాలుంటాయా?"

"ఉంటాయి" అనేశాను. ఇది మాత్రం అబద్ధం.

నాయన నవ్వాడు. "రాజేసమైతే కట్టుకోపో. నేనూ వస్తా సూసేకి."

వస్తానంటాడని నేననుకోలేదు.

నాటకం రోజు నంద్యాల నుంచి అద్దె దుస్తుల పెట్టె వచ్చింది. టీచరమ్మ చీటీలో "మహారాజు డ్రస్సు" అని రాసి పంపిందట. అంగడాయన తన పద్ధతిలో తాను కిరీటం, చెక్కకత్తి, జరీ అంగీ, వాటితోపాటు ఒత్తుగా ఒక మీసం, చిన్న సీసాలో జిగురు సర్ది పంపాడు. టీచరమ్మ మీసం చూసి, "ఆడమనిషికి ఇదెందుకు?" అని పెట్టెలో పడేసి వెళ్లిపోయింది. నేను తెర సందులోంచి చూశాను. రెండో వరసలో నాయన, తలకు కొత్త టవలు చుట్టుకుని కూర్చున్నాడు. చెల్లెలు అద్దం పట్టుకుంది. నేను మీసం అంటించుకున్నాను.

సామంతులు వరసగా నిలబడి, "ఆడదాని కింద కొలువు చేయం!" అని అరిచారు. నేను కత్తి ఎత్తి, నేర్పిన మాటే గట్టిగా చెప్పాను. "అవును, నేను ఆడదాన్నే!"

జనం పగలబడి నవ్వారు. ఎవరో "మీసాలున్న ఆడదిరా!" అని కేక పెట్టారు. చెమటకు మీసం ఒకపక్క ఊడింది. ఆడదాన్నని చెప్పాలా, మీసం కాపాడుకోవాలా, ఏం చేయాలో అర్థం కాలేదు. ఎడమచేత్తో మీసం అదిమిపట్టి, కుడిచేత్తో దేవగిరి సైన్యాన్ని తరిమాను. కోపం ఆగక దేవగిరి రాజును నిజంగానే కొట్టాను. ఆ వేషం కట్టిన పిల్ల బావురుమంది. టీచరమ్మ నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక నాయన మంచం మీద కూర్చుని నన్ను పిలిచాడు. అయిపోయింది అనుకున్నాను.

"అంతమంది నవ్వుతాంటే బెదరకుండా నిలబడినావ్ గదమే. నువ్వు మగోనివి. సదువుకో, యాడిదాకా సదువుతావో సదువు."

ఎగిరి గంతేశాను. పక్కనే ఉన్న చెల్లెలు, "మరి నేనో నాయనా?" అంది.

"నువ్వు ఆడపిల్లవి గదమ్మా" అన్నాడు నాయన, దాని తల నిమురుతూ. ఎంతో ప్రేమగా అన్నాడు. అదేం మాట అని నేను అడగలేదు. సంతోషంలో నాకు తట్టనే లేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మూడోనాడు పెట్టె సర్దుతుంటే మీసం కనపడలేదు. టీచరమ్మ నన్నే అనుమానించింది. నేను ఒట్టేసినా నమ్మలేదు.

ఎనభైల్లో నంద్యాలలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివాను, చరిత్రే. ఢిల్లీ సింహాసనం ఎక్కిన సుల్తాను కూతురు కూడా మగ అంగీ, కుళ్లాయితోనే ఏనుగెక్కిందని చదివి నా తికమక ఇంకా పెరిగింది. సైన్యాలను నడపగలిగినవాళ్లకు కత్తి చాలదా, వేషం కూడా కావాలా? వాళ్లు ఇష్టపడి వేసుకున్నారా, లేకపోతే ఎవరూ వెంట నడవరనా? నాయన నన్ను మెచ్చుకున్నాడా, నాలో లేనివాణ్ని ఎవణ్నో మెచ్చుకున్నాడా? ఎవర్ని అడగాలో తెలియలేదు.

చెల్లెలు ఎనిమిదితో ఆగిపోయింది. చాగలమర్రిలో ఇచ్చారు. మరిది మంచివాడే. ఒక సెలవుల్లో చూడ్డానికి వెళ్తే, నా డిగ్రీ పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పింది. తర్వాత లేచి, పెట్టె అడుగున చీరల కింద నుంచి ఒక పౌడరు డబ్బా తీసి నా చేతిలో పెట్టింది. మూత తీస్తే మీసం. వెంట్రుకలు సగం రాలిపోయాయి.

"నువ్వా తీసింది? ఎందుకే?" అన్నాను.

"నా ఎనిమిదో తరగతి అయిపోయే దినం పెట్టుకోని నాయన ముందర నిలబడదామనుకున్యానక్కా" అంది. "జిగురు దొరకల్యా."