వైరు గుంజిన సాయంత్రం

మానుకోట రాక్ బ్యాండు పుట్టి యాభై ఏండ్లయిందని పుస్తకం వేసినవాళ్లకు నేను మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. ఆ పుస్తకంలో మొదటి గిటారిస్టు ఊసే లేదు. పాత ఫోటోలో ఆయన ముఖం కత్తిరించేశారు, చెయ్యి మాత్రం మిగిలింది. ఆ చేతిని నేను ఎక్కడైనా గుర్తుపడతాను.

నా చిన్నప్పుడు మా మేనమామ మానుకోటలో ఆ రాక్ బ్యాండుకు డ్రమ్స్ వాయించేవాడు. ఉన్నది ముగ్గురే. సాయంత్రాలు రైస్ మిల్లు గోదాంలో సాధన చేసేవారు. సెలవులకు తొర్రూరు నుంచి వెళ్లినప్పుడల్లా మామ నన్నూ తీసుకుపోయేవాడు. పాడే ఆయన ఎగిరి దూకుతుంటే నా కళ్లన్నీ ఆయన మీదే. గిటారాయన యాంప్లిఫయర్ పక్కన, గోడవైపు తిరిగి కూర్చునేవాడు. తీగ తెగితే సైకిల్ బ్రేకువైరు విప్పి, అందులోంచి ఒక పోగు లాగి బిగించుకునేవాడు. అది చూసి ఆయన కరెంటు పనిచేసే మనిషనుకున్నాను.

"మామా, గా కరెంటాయనకు పాటల ఏం పని?" అని అడిగేశాను. పాడే ఆయన పడీపడీ నవ్వాడు. మామ నవ్వలేదు.

"ఆగు బిడ్డా, చూపిస్త."

పాట సగంలో ఉండగా, డ్రమ్స్ వాయిస్తూనే మామ కాలు చాపి గిటారు నుంచి యాంప్లిఫయర్‌కు పోయే వైరు గుంజేశాడు. పాట ఒక్కసారిగా బోసిపోయింది. పాడే ఆయన రెండు లైన్లు లాగి, శ్రుతి తప్పి ఆగిపోయాడు.

"ఏందిరా, కాళ్ల కింద పీట గుంజినట్టయింది!"

గిటారాయన వైరు మళ్లీ పెట్టుకుంటూ నావైపు తిరిగాడు. "ఏం ఇనబడ్డది బిడ్డా?"

"ఏం లేదు. ఏదో పోయినట్టయింది."

"గా పోయిందే నాది."

మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి కళ్లు మూసుకుని, గొంతును వదిలేసి, దాని అడుగున ఏముందో వెతికాను. గొంతు ఎక్కాల్సిన ప్రతిచోటా ఆయన ముందే ఒక మెట్టు వేసిపెడుతున్నాడు.

బ్యాండుకు పేరొచ్చేలోపే ఇల్లు గడవక ఆయన ఉద్యోగానికి వెళ్లిపోయాడు. ఆయన కట్టిన వరసలే తర్వాత వచ్చినవాళ్లు వాయించారు.

ఇప్పటికీ ఏ పాట విన్నా నా చెవి మొదట గొంతు అడుగున ఉన్నదానికే పోతుంది. ఎవరినైనా పొగుడుతుంటే పక్కన ఇంకెవరున్నారని అడుగుతాను. నన్ను గొడవమనిషి అంటారు, అననీ. మామా లేడు, గిటారాయనా లేడు. ఆ గోదాంలో ఉన్నవాళ్లలో మిగిలింది నేనూ, ఆ పుస్తకానికి ముందుమాట రాసిన పాటగాడూ.

అయ్యా, ఆ రోజు ఆయన గిటారు లేక పాట ఆపేసింది మీరే. ఆయన పేరు ఎందుకు రాయలేదో మీరే జవాబు చెప్పండి.