సత్యవతి రాసిన ‘విధి’

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, వేసవిలో, అమలాపురం కాలేజీలో దూరవిద్య ఎం.ఏ. ఫిలాసఫీ వైవాకి నన్ను ఇంటర్నల్ ఎగ్జామినర్‌గా వేశారు. వైవా అంటే విద్యార్థి రాసిన ప్రాజెక్టు మీద ఎదురుగా కూర్చోబెట్టి అడిగే పరీక్ష. రాయించిన గైడే ఇంటర్నల్‌గా ఉంటాడు గానీ, బయటి యూనివర్సిటీ నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్‌దే పైచెయ్యి. ఆయన కాదంటే నేను చెయ్యగలిగేది లేదు.

నా విద్యార్థిని సత్యవతిది ఉప్పలగుప్తం. కువైట్‌లో ఇంటిపని చేసి తిరిగొచ్చి, రొయ్యల చెరువుల దగ్గర పనిచేస్తూ చదువుకుంది. కోర్సు గడువు ఆ ఏడాదితో సరి. వైవా పోతే చదివిందంతా గోదాట్లో కలిసినట్టే. మనిషికి స్వేచ్ఛ ఉందా అన్న ప్రశ్నకి యూదులూ ప్రొటెస్టెంట్లూ ఏం చెప్పారన్నది ఆమె అంశం. తేలికైనది తీసుకోమంటే వినలేదు.

అందులో ఒక వాక్యం: “యూదులకు విధి ఉంది కాబట్టే స్వేచ్ఛ ఉంది.” చిత్తుప్రతిలోనే దానికింద ఎర్రగీత గీసి ‘పొసగదు’ అని రాశాను. తలరాత ఉంటే ఇక స్వేచ్ఛెక్కడిది? ఆమె ఒక్క అక్షరం మార్చకుండా తుదిప్రతిలోనూ అదే పెట్టింది. నాకు ఒళ్లు మండింది. అనుకున్నట్టే ఎక్స్‌టర్నల్ గారు సరిగ్గా ఆ పేజీయే తెరిచి, పునాదే తప్పయితే పాస్ చెయ్యడం ఎలాగన్నారు. నేను తల దించుకున్నాను.

“తప్పు కాదండీ,” అంది సత్యవతి. “నేను రాసింది తలరాత గురించి కాదండీ, డ్యూటీ గురించండీ. విధుల్లో చేరేరు అంటాం కదండీ, ఆ విధి. దేవుడు ఇది చెయ్యి, అది చెయ్యకు అన్నాడంటే, చెయ్యడం మానడం మన చేతిలో ఉన్నట్టే కదండీ. కాళ్లు కట్టేసినోళ్లని నడవమని ఎవరంటారండీ?”

ఎక్స్‌టర్నల్ గారు కుర్చీలో ముందుకి జరిగారు. ప్రొటెస్టెంట్లు దీన్ని ఒప్పుకోరు కదా, నడవమన్నప్పుడే మనిషికి తను నడవలేనని తెలిసొస్తుందని కదా వాళ్ల వాదం, అని అడిగారు.

“ఆయ్. అందుకే చెయ్యి అందించేవాళ్లు కావాలన్నారండీ. దాన్నే కృప అన్నారు. రెండో అధ్యాయంలో రాసేనండీ.”

మరి మీకేది నిజమనిపించింది అన్నారాయన.

“కువైట్‌లో నన్ను ఇంట్లో పెట్టి తాళం వేసేవారండీ. ఓ రోజు వాళ్ల ముసలమ్మగారు తలుపు తీసేరు. తియ్యమని నేను అడగలేదండీ. గుమ్మం దాటింది మాత్రం నేనేనండీ.”

ఆయన మార్కుల షీటు నా వైపు జరిపి, ఫస్ట్ క్లాస్ వెయ్యండన్నారు. నాకు సంతోషంతో పాటు సిగ్గూ వేసింది. ఆ డిగ్రీతోనే సత్యవతి ఇప్పుడు ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేస్తోంది.

తర్వాత మిగిలిన రెండేళ్లూ, ఎర్రపెన్ను తియ్యబోయే ముందు, ఈ మాట ఏ అర్థంలో రాశారని అడిగేవాణ్ని. అడగడం గైడు విధి. సత్యవతిని ఏడాది పాటు అడక్కపోవడం మాత్రం నేను చేసిన పనే. దాన్ని తలరాత మీదకి నెట్టలేను.