మాచర్ల డొంకల్లో ఊరికే ఒక పరుగు

నరసరావుపేటలో నేను పరిగెత్తేది తెల్లవారకముందే. కాలేజీ గ్రౌండు చుట్టూ, తెలిసినవాళ్లెవరూ లేవకముందు, పంజాబీ డ్రెస్సు మీద నాన్న పాత స్వెట్టరు వేసుకుని నాలుగైదు చుట్లు తిరిగేదాన్ని. పోటీల కోసం కాదు. పరిగెత్తుతున్నంతసేపూ నన్నెవరూ పలకరించరు, నేనెవరికీ జవాబు చెప్పక్కర్లేదు. అందుకే ఇష్టం. ఆ ఫిబ్రవరిలో గ్రౌండుకు ప్రహరీ కట్టడం మొదలుపెట్టారు. పనివాళ్లు చీకటితోనే వచ్చి నెగడు చుట్టూ కూర్చునేవాళ్లు. వాళ్ల ముందు పరిగెత్తలేక మానేశాను.

మా పిన్ని మాచర్లకు ఇవతల ఒక ఊళ్లో ఎలిమెంటరీ స్కూలు టీచరు. పేట వచ్చినప్పుడు నా ముఖం చూసి, "మా ఊరు రావే రూతూ. ఊరి చుట్టూ డొంకలే. పట్టపగలు పరిగెత్తుకో, సైకిలు తొక్కుకో, నిన్నడిగేవాడెవడు?" అంది. డొంకంటే పొలాల మధ్య బండ్లు నడిచే బాట. పగటి వెలుతురులో, ముందున్న దారి కళ్లకు కనబడుతుండగా పరిగెత్తడం ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఒక్కసారి తెలుసుకోవాలనిపించింది. ఇంట్లో మాత్రం పిన్నిని చూడ్డానికి అన్నాను.

ఉదయం ఏడు దాటాక పిడుగురాళ్ల బస్సెక్కాను. సంచిలో రెండు జతల బట్టలు, కాన్వాసు బూట్లు, లైబ్రరీ పుస్తకం ఒకటి. పిడుగురాళ్ల దగ్గర పడేసరికి సున్నపు బట్టీల పొగకు చెట్లూ గోడలూ కాకులూ అన్నీ ఒకే తెలుపులో ఉన్నాయి. స్టేషను బయట బండి మీద ఇడ్లీ తిన్నాను. కారం బాగా ఘాటు, కొత్తవాళ్లు చట్నీతో సరిపెట్టుకోవడం మంచిది. మాచర్ల పాసింజరు అరగంట ఆలస్యంగా వచ్చింది. చిన్న గేజి రైలు, బొగ్గింజను. కిటికీ పక్కన కూర్చుంటే కళ్లలో నలుసులు పడతాయి కాబట్టి ఇంజనుకు దూరంగా ఎక్కండి.

ఎదుటి సీట్లో ఒక పెద్దావిడ, కాళ్ల దగ్గర మిరపకాయల మూట. ఆ ఘాటుకు పెట్టెలో ఒకరు మానితే ఒకరు తుమ్ముతున్నారు.

"యాడికమ్మాయ్, ఒక్కదానివే?"

"మాచర్ల దగ్గరండీ. మా పిన్ని వాళ్లింటికి."

"కాన్పా?"

"కాదండీ. ఊరికే."

"ఊరికే ఎవురన్నా ఇంత దూరం పోతారా!" అంటూ పక్కావిడ వైపు తిరిగింది. "చెప్పదులే. ఈ కాలం పిల్లలు."

పుస్తకం తెరిచి ముఖం దాచుకున్నాను. గురజాల దాటాక నేల మారింది. నల్లరేగడి సన్నబడి రాయి పైకి తేలింది. పొలాలకు కంప బదులు నాపరాళ్లను వరసగా నిలబెట్టి గోడల్లా పాతారు. కల్లాల నిండా మిరపకాయలు ఎర్రగా ఆరుతున్నాయి.

మధ్యాహ్నానికి మాచర్ల చేరాను. స్టేషను దగ్గర బాబాయి సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయనకు బజార్లో టైలరింగు షాపు. సంచి క్యారియరుకు కట్టి, "నువ్వు తొక్కుతావా, నేను తొక్కనా?" అన్నాడు. ఊరు దాటేదాకా ఆయన్నే తొక్కమన్నాను. ఊరు దాటాక నేను తొక్కితే ఆయన వెనక కూర్చుని దారంతా పాత పాటలు పాడాడు.

ఆ సాయంత్రమే సైకిలు తీసుకుని వాగు వైపు వెళ్లాను. తర్వాత వెళ్లేవాళ్ల కోసం ఆ దారి చెబుతాను. స్కూలు వెనక నుంచి డొంక మొదలవుతుంది. కొంతదూరం ఎర్రమట్టి. తర్వాత బండ్ల చక్రాలు అరగదీసిన రెండు గాళ్లు, మధ్యలో గడ్డి. గాడిలో తొక్కితే పెడలు గట్టుకు తగులుతుంది, గడ్డి మీద తొక్కితే రాళ్లు తగులుతాయి. ఆ తర్వాత నేలంతా నాపరాయే. పలకలు పలకలుగా మెట్లు దిగినట్టు వాగులోకి దిగుతుంది. మొదటి మెట్టు దగ్గర భయపడి దిగాను. వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చి, సీటు మీంచి లేచి పెడళ్ల మీద నిలబడి, బ్రేకు వదిలేశాను. సైకిలు టకటకటకమని దిగింది. మడ్‌గార్డు మోత చెవుల్లో, పళ్లు ఒకదానికొకటి కొట్టుకోవడం, తర్వాత ఒక్కసారిగా చల్లటి నీళ్లు. నాకు నేనే పైకి నవ్వాను. తుమ్మముళ్లు మాత్రం జాగ్రత్త. పంక్చరు వేసే షాపు మాచర్లలో తప్ప లేదు.

మరునాడు పొద్దు పొడిచాక బూట్లు కట్టుకున్నాను. పిన్ని పొయ్యి దగ్గర నుంచే, "దూరం పోబాకు, ఎనిమిదింటికి స్కూలుకి పోవాలి," అంది. పొలాల మీదుగా మెల్లగా నడిచి, ఎత్తు మీదున్న నాపరాళ్ల క్వారీ దాకా వెళ్లాను. ఊళ్లో సగం ఇళ్ల మగవాళ్లకు అక్కడే పని. అప్పటికే పనిలోకి దిగారు. గడ్డపార్ల చప్పుడు లోపలి నుంచి గంటల్లా వినిపిస్తోంది. క్వారీ నుంచి ఊరికి లారీలు తిరిగే బాట ఒకటుంది. వెడల్పుగా, పొడిగా, ఊరిదాకా ఒకే వాలు. అంత మంచి దారి నేనెప్పుడూ చూడలేదు.

పరుగు మొదలుపెట్టాను. ఎండ వీపు మీద వెచ్చగా ఉంది. నా నీడ నా ముందే పరిగెత్తుతోంది. గ్రౌండులో ఎప్పుడూ లేని వేగం వచ్చింది. వాలు తోస్తోందో నేనే పోతున్నానో తెలియలేదు.

ఊరి మొదట్లో బోరింగు దగ్గర ఆడవాళ్లు నీళ్లు కొడుతున్నారు. ఒకావిడ నన్ను చూసి బిందె వదిలేసింది. ఏదో కేక వేసింది. అందరూ ఇటే తిరిగారు. ఆడపిల్ల ఇలా పరిగెత్తడం ఏమిటని తిడతారనుకున్నాను. ఆగి జవాబు చెప్పడం నా వల్ల కాదు. తల వంచుకుని, వాళ్లను దాటేస్తే చాలని ఇంకా వేగం పెంచాను.

వాళ్లు నాకు ఎదురు పరిగెత్తుకొచ్చారు. ముందున్నావిడ నా రెండు భుజాలూ పట్టుకుంది.

"ఎవురు? ఎవురికే? చెప్పు!"

నాకు ఊపిరి అందడం లేదు. నోరు తెరిచినా మాట రాలేదు.

"చెప్పలేకపోతందే! అయ్యో, చెప్పలేకపోతందే!" అంటూ ఆవిడ అక్కడే బాట మీద కూలబడింది. ఇంకొకావిడ అప్పటికే కొంగు నడుముకు చుట్టి క్వారీ వైపు పరుగు తీసింది. ఎవరో నా వీపు మీద చరుస్తూ, "రాయి పడిందా? మందు తూటా పేలిందా? ఎంతమందే?" అన్నారు.

అప్పుడు అర్థమైంది.

"ఎవరికీ ఏం కాలేదండీ. ఎవరికీ ఏమీ కాలేదు. నేను ఊరికే... ఊరికే పరిగెత్తుతున్నాను."

బోరింగు కింద సగం నిండిన బిందె అలాగే ఉంది.

"ఊరికేనా?" అంది ఒకావిడ. "ఊరికే పరిగెత్తటమేందే? కుక్క తరిమిందా?"

"ఒసేయ్, ముందు దాన్ని పిలవండే, క్వారీ దాకా పోతది!"

ఇద్దరు చేతులూపుతూ కేకలు వేశారు. ఆవిడ తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. ఎందుకు అంతసేపు పట్టిందో చూస్తే గానీ తెలియలేదు. వెళ్లేటప్పుడు పరిగెత్తినావిడ, వచ్చేటప్పుడు ఒక్కో అడుగూ నడిచి వచ్చింది.

కూలబడినావిడ పేరు వెంకాయమ్మ. లేచి చీరె దులుపుకుంది. నన్ను తిట్టలేదు. "టీచరమ్మగారి అక్క కూతురివా?" అని మాత్రం అడిగి, బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. అడుగడుక్కీ బిందెలో నీళ్లు తొణికి భుజం మీద పడుతున్నాయి.

పిన్ని తల పట్టుకుంది. "ఆ బాటలో క్వారీ నుంచి ఊరివైపు ఎవరూ పరిగెత్తరే. వాన కురుస్తున్నా నడిచే వస్తారు. పిల్లలు పరిగెత్తితే వీపు పగలగొడతారు. అక్కడ ఏదన్నా జరిగితేనే ఒక మనిషి పరిగెత్తుకొచ్చి చెప్తాడు. నీకు చెప్పాలని నాకు తోచనే లేదు. ఊరికే పరిగెత్తేవాళ్లు మాకెవరున్నారు?"

వెంకాయమ్మ తమ్ముడు నిరుడు ఆ క్వారీలోనే పోయాడని కూడా చెప్పింది. ఆ రోజంతా నేను గది దాటలేదు. పుస్తకం తెరిస్తే ఒకే పేజీ. బూట్లు కాగితంలో చుట్టి సంచి అడుగున పెట్టేశాను. ఇక పరుగు వద్దనుకున్నాను. ఇక్కడే కాదు, పేటలో కూడా.

సాయంత్రం వెంకాయమ్మ భర్త కోటేశు, బాబాయికిచ్చిన చొక్కా కోసం వచ్చాడు. నేను తలుపు వెనక్కి తప్పుకున్నాను. ఆయన గట్టిగా నవ్వుతున్నాడు.

"ఏం చెప్పను సారూ, పన్నెండేళ్ల కాపరంలో నేనంటే దానికి పేణమని ఇయ్యాలే తెలిసింది. మీ పాపని ఏడాదికోసారి పిలిపించండి."

నవ్వు ఆగాక మెల్లగా అన్నాడు. "మద్దేనం క్వారీకి బువ్వ తెచ్చి, నేను తిన్నంతసేపూ ఎదురుగా కూర్చుంది. ఎప్పుడూ కూర్చోదు. దానికి చానా పనులు."

మూడో రోజు, తిరుగు ప్రయాణం. రైలుకు ఇంకా టైముంది. తెల్లగా తెల్లవారాక వాకిట్లో ఎవరో పిలిచారు. వెంకాయమ్మ. చీరె కుచ్చిళ్లు ఎగదోపి ఉంది.

"పద పాపా. వాగేపు పోదాం. అటు పరిగెత్తితే ఎవురూ భయపడరులే."

"వద్దక్కా. నిన్న అంత..."

"నిన్నటిది నిన్న. ఈ కాళ్లు నిరుడు ఒకతూరి పరిగెత్తినయ్, నిన్న ఒకతూరి. రెండుతూర్లూ ఎందుకో నీకు తెలుసు. ఊరికే పరిగెత్తితే ఎట్టుంటదో చూద్దామని."

బూట్లు తీసుకున్నాను. ఆవిడకు చెప్పుల్లేవు. స్కూలు దాటేదాకా నడిచి, డొంకలో పడ్డాక మొదలుపెట్టాం. మిరపకోతకు పోతున్న కూలీలు ఎదురై గట్టెక్కి నిలబడ్డారు.

"ఏందే వెంకాయమ్మా! ఎవురికేమైంది?"

"ఎవురికీ ఏం కాలా! ఊరికే!"

కొంచెం దూరం పోగానే ఇంకొకళ్లు. "ఏమైందే?"

"ఊరికే!" అని అరిచింది. ఆ తర్వాత అడగనివాళ్లకు కూడా చెప్పింది. ఎడ్లబండి తోలుకొస్తున్న ముసలాయనకు చెప్పింది. ఎవరూ లేని పత్తిచేలకు కూడా ఒకసారి చెప్పింది. నాపరాళ్ల మెట్ల దగ్గర ఆగి, పొట్ట పట్టుకుని, దగ్గుతూ నవ్వుతూ కూర్చుంది. నవ్వడం ఎప్పుడు ఆపిందో నేను గమనించలేదు. చూసేసరికి కొంగుతో ముఖం మొత్తం కప్పుకుని ఉంది. పక్కనే కూర్చున్నాను.

"బాగానే ఉంది," అంది చివరికి, ముఖం తుడుచుకుని. "ఆకలేస్తది కానీ."

పది దాటాక రైలు మాచర్ల నుంచి కదిలింది. ఈ డొంకలకు రావాలనుకునేవాళ్లు మాఘం వెళ్లకముందే రండి, తర్వాత ఎండలు తట్టుకోలేరు. నీళ్ల సీసా ఉంచుకోండి. వాగు వైపు ఎంత వేగంగానైనా పొండి. క్వారీ వైపు నుంచి వచ్చేటప్పుడు మాత్రం, ఎంత ఆలస్యమైనా, వాన పడుతున్నా, నడిచి రండి. దారి ఎంత బాగుందో చూసుకున్నాను గాని, ఆ దారి వైపు ఎవరు చూస్తూ ఉంటారో నేను ఆలోచించలేదు.

గురజాలకు ముందు ఒక చిన్న స్టేషన్లో రైలు ఆగింది. పొలాలకు అడ్డంబడి ఒకతను పరిగెత్తుకొస్తున్నాడు. కిటికీల్లోంచి జనం ఈలలు వేస్తున్నారు. "రారా మావా, ఉరుకు! పోతంది బండి!" అందరూ నవ్వుతున్నారు. నేను సీట్లోంచి లేచి నిలబడ్డాను. ఊరు ఏ వైపుందో, అతను ఏ వైపు నుంచి వస్తున్నాడో చూడబోయాను. ఇంజను కూత వేసింది. అతను కదిలే రైలు కమ్మీ అందుకుని పైకి ఎగిరాడు. తలుపు దగ్గర నిలబడి ఆయాసపడుతుంటే పళ్లన్నీ కనిపించాయి.

అతను నవ్వుతున్నాడని రూఢి చేసుకున్నాకే కూర్చున్నాను.