మేజరు తిన్నాక అమ్మ పక్కన కూర్చునేది

ఆ ఆదివారం సాయంత్రం మేజరు పడుకోలేదు. ఏదో బాగాలేదని నాకు మొదట అనిపించింది అందుకే. తిన్న తరువాత వాడు వసారాలో గోనెపరుపు మీద వాలిపోతే, అమ్మ దీపం పెట్టే వేళకు గానీ లేచేవాడు కాదు. ఆ రోజు లేచి గోడ దాకా నడిచాడు, తిరిగి వచ్చాడు, తల తిప్పి తన పొట్టవైపు చూసుకున్నాడు. మళ్లీ నడిచాడు. మెడ చాచి వాంతి చేసుకోబోయాడు. నురగ తప్ప ఏమీ రాలేదు.

పెద్ద జాతి కుక్కలను సాకేవారికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. మాకు తెలియనిది వారికి తెలిసి ఉంటే మేలు.

నేను తామీరాత్ మహకమాలో, అంటే రోడ్లూ కట్టడాల శాఖలో, ఓవర్సీయరును. హైదరాబాదులో ఇంజనీరింగు స్కూలు ముగించి, కొత్తకోట దగ్గర సడకు పని మీద ఉండేవాణ్ణి. మా ఇంజనీరు దొర యుద్ధంలో చేరడానికి వెళుతూ తన కుక్క మేజరును నా దగ్గర వదిలి వెళ్లాడు. గ్రేట్ డేన్ అని జాతి పేరు చెప్పాడు. రంగు ఎండుగడ్డి రంగు, మూతి నలుపు. నిలబడితే గడ్డం నా రాతబల్ల మీద ఆనేది. సిమెంటు బస్తాలు తూచే కాంటా మీద ఎక్కించి చూస్తే నాకంటే బరువు తూగాడు.

ఇంత పెద్ద కుక్కతో వచ్చే ఇబ్బందులు ముందు ఎవరూ చెప్పరు. ఉత్త నేల మీద పడుకుంటే మోచేతులు కాయలు కాసి పుండ్లవుతాయి, గోనెసంచుల్లో వరిగడ్డి కుక్కి పరుపు కుట్టాలి. సంతోషంతో తోక ఊపితే గోడకు తగిలి కొన పగిలి నెత్తురు కారుతుంది, మా వసారా సున్నం నిండా ఆ చుక్కలే. సొంగ సంగతి చెప్పను. పాలమూరు ఎండలకు తడిపిన గోనె మీద పడుకోబెట్టాలి. జొన్న సంకటి, మేకతలకాయ చారు, మజ్జిగ, ఇవి వాడికి పడ్డాయి.

ఇంట్లో నేనూ అమ్మా. నాయిన నా చిన్నతనంలోనే పోయాడు. చెల్లెలు సుశీల పెళ్లయిన మరుసటి ఏడు టైఫాయిడుతో పోయింది. ఆ తరువాత అమ్మ గడప దాటలేదు. అన్నం ముందు కూర్చునేది గానీ తినేది కాదు. ఎవరైనా బిడ్డ సంగతి అడిగితే, అత్తగారింటికాడ ఉన్నది అని చెప్పేది. అది కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెల్లెలితో పాటు అమ్మ కూడా మెల్లగా వెళ్లిపోతున్నదని భయపడేవాణ్ణి.

మేజరును చూసి అమ్మ మొదట తలుపు వేసుకుంది. వాడు ఆ తలుపుకే వీపు ఆనించి పడుకున్నాడు. లోపలి నుంచి తెరవడానికి రాలేదు. చాలాసేపటికి అమ్మ గొంతు వినిపించింది. "ఓ ఏనుగా, జరుగు జర, పొయ్యి మీద పప్పు మాడుతాంది." నెలల తరువాత ఆమె గొంతులో ప్రాణం విన్నాను. ఆ పూట తన పళ్లెంలోంచి వాడికి ఒక ముద్ద పెట్టి, తానొక ముద్ద తిన్నది. అక్కడ మొదలైంది.

ఆ చుట్టుపక్కల కురుమల ఇళ్లు ఎక్కువ. మల్లన్న దేవుడి వెంట కుక్క ఉంటుందని వారి నమ్మకం. ఆదివారం మల్లన్నకు నైవేద్యం పెట్టాక కుక్కకు ముద్ద పెట్టి గానీ తాము తినరు. ఇంత కుక్క కంటబడితే ఊరుకుంటారా? ఎవరో మేజరు నొసట మల్లన్న పసుపు, అదే బండారి, పెట్టారు. మల్లన్న కుక్క అన్న పేరు పక్క ఊళ్లకు పాకింది. ప్రతి ఆదివారం బెల్లపన్నం గిన్నెలతో మనుషులు మా ఇంటికి రాసాగారు. అమ్మ వారితో మాట్లాడేది, వాడి ముచ్చట్లు చెప్పేది. అది చూసి నేను సంతోషించాను. మేజరు పెట్టిందల్లా తిన్నాడు.

ఇక ఆ ఆదివారం సాయంత్రం. పొట్ట చూస్తుండగానే ఉబ్బింది. వేలితో కొడితే డప్పులా మోగింది. పొరుగున ఉండే గొర్రెలకాపరి బీరయ్యను పిలిచాను. మనిషి మంచివాడు, మందలో దేనికి జబ్బు చేసినా అందరూ ఆయన్నే పిలిచేవారు.

"ఎడ్లకు ఉబ్బితే గిట్లనే జేస్తం, ఓసీరు సాబ్. జరసేపట్ల త్రేన్పు వస్తది, ఫికర్ జెయ్యకుండ్రి" అన్నాడు.

నోటికి అడ్డంగా వేపపుల్ల కట్టాడు. వాము కాచిన నూనె వెదురుగొట్టంతో పోశాడు. ఎద్దును తిప్పినట్టు వాకిట్లో తిప్పాడు. మేము కూడా అదే సరి అనుకున్నాం. పసరాన్ని సాకే ఇళ్లలో పుట్టినవాళ్లం, ఉబ్బరానికి మాకు తెలిసిన వైద్యం అదే. త్రేన్పు రాలేదు. నూనె కొంత కొరబోయి దగ్గు పట్టుకుంది. చిగుళ్లు పాలిపోయాయి.

మొరం తోలే లారీకి పలక వాల్చి కూలీలు వాణ్ణి పైకెక్కించారు. నేను ఎక్కేసరికి అమ్మ అప్పటికే లోపల కూర్చుని వాడి తల ఒళ్లో పెట్టుకుని ఉంది. సుశీల పోయాక ఆమె ఇల్లు దాటడం అదే మొదలు.

మహబూబ్‌నగరులో పసుల దవాఖాన డాక్టరు బొంబాయిలో చదివినవాడు. నడివయసు మనిషి, మాట కరుకు, చెయ్యి మెత్తన. రంధ్రం ఉన్న చెక్క ఒకటి పళ్ల మధ్య పెట్టి, అందులోంచి స్టమక్ ట్యూబ్ దించాడు. బుస్సుమని గాలి వచ్చింది. పులిసిన బెల్లపన్నం వాసన గది నిండిపోయింది. పొట్ట దిగింది. మేజరు నిట్టూర్చి తల వాల్చాడు.

"నూనె ఎవరు పోసిండ్రు?" అని డాక్టరు అడిగాడు. నేను చెప్పాను. "ఎద్దు పొట్ట వేరే, కుక్క పొట్ట వేరే. దాని మందు దీనికి పోస్తే ఊపిరితిత్తులల్లకు పోయింది. ట్యూబ్ దిగింది, మీ నసీబు మంచిది. పొట్ట మెలివడితే దిగదు. దాన్ని టార్షన్ అంటరు. గప్పుడు నా దగ్గరికి తెచ్చి ఫాయిదా లేదు."

అన్నట్టే నిమోనియా వచ్చింది. యుద్ధం రోజులు, దానికి వాడే సల్ఫా గోళీలు దొరకడం కష్టం. హైదరాబాదులో నాతో చదివిన మిత్రుడు సంపాదించి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాడు. అమ్మ గోళీని వెన్నలో చుట్టి నాలుక వెనుక పెట్టేది. జావ అరచేతిలో పోసుకుని తాగించేది. ఎముకలు తేలాయి. ఒక ఉదయం తోక గోడకు తగిలిన చప్పుడు విని వసారాలోకి పరిగెత్తాను. సున్నం మీద కొత్త నెత్తుటి చుక్కలున్నాయి. అమ్మ వాటిని చూసి నవ్వింది.

డాక్టరు చెప్పిన పథ్యం ఇది. ఒకేసారి కడుపు నిండా పెట్టకూడదు, రోజుకు నాలుగుసార్లు కొంచెం కొంచెం. బెల్లం, పులిసినది అసలే వద్దు. తిన్న తరువాత కనీసం గంటసేపు పరుగు, ఆట, దొర్లడం ఉండకూడదు.

మొదటి రెండూ సులువే. మూడోదే కష్టమైంది. కట్టేస్తే మేజరు గొలుసు మీద ఎగిరి ఇంకా ఆయాసపడేవాడు. చివరికి అమ్మ ఒక దారి కనిపెట్టింది. వాడు తినగానే పక్కన కూర్చుని, వాడి వీపుకు తన వీపు ఆనించేది. ఆమె లేచేదాకా వాడు కదిలేవాడు కాదు, ఈగ వాలినా చెవి మాత్రం ఆడించేవాడు.

ఆదివారాల గొడవ మాత్రం తీరలేదు. కుక్కకు తిండి పెట్టరాదు అని పలక రాసి గేటుకు కొట్టాను. బీరయ్య దాని ముందు నిలబడి ఏం రాసిండ్రని అడిగాడు. చెప్పాను. "మల్లన్న సదువుకున్నడా, సాబ్?" అన్నాడు. నవ్వు రాలేదు నాకు. లోపలికి వచ్చి, వచ్చినవాళ్లను వెనక్కి పంపమని అమ్మ మీద కేకలేశాను. అమ్మ అన్నది, "మొక్కుకొని వచ్చినోళ్లను ఎట్ల మర్లగొడుదు కొడుకా? వాళ్లకేం ఆపద ఉన్నదో."

తరువాతి ఆదివారం ఆమె తనే గేటు దగ్గర నిలబడింది. గిన్నెలు అందుకుని, ఒక్క మెతుకు తీసి మేజరు మూతికి తాకించి, మిగతాది వీధికుక్కలకు పంచింది. దేవుడు ముద్ద ఎంతున్నదని చూడడు, పెట్టిండ్రా లేదా అనే చూస్తడు, అని వాళ్లకు చెప్పింది. అందరూ ఒప్పుకున్నారు. నేను పలక పీకేశాను.

ఆ తరువాతి నెలలు మా ఇంట్లో మంచి నెలలు. తిన్న తరువాత వాడి పక్కన కూర్చునే ఆ గంటలో అమ్మ మాట్లాడేది. లోపల లెక్కలు వేసుకుంటున్న నాకు వినిపించేది. ఒకరోజు మేజరుతో, "మీ అక్క గూడ గిట్లనే. తిన్నంక ఒక్క జాగల కూసునేది గాదు" అన్నది. నా కలం ఆగిపోయింది. మరొక రోజు సుశీల చింతచెట్టు ఎక్కి దిగలేక ఏడ్చిన సంగతి చెప్పింది. జ్వరం సంగతి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. అక్కడిదాకా వచ్చి ఆగేది.

చలికాలంలో ఒక తెల్లవారి మేజరు మళ్లీ తన పొట్టవైపు తల తిప్పి చూశాడు. ఇంకా ఏమీ తినలేదు. ముందురోజు కూడా పథ్యం తప్పలేదు. ఈసారి పుల్ల కట్టలేదు, నూనె పోయలేదు. బీరయ్య లారీ దగ్గరికి నాకంటే ముందు పరిగెత్తాడు. పెట్రోలు లేక ఆ లారీని బొగ్గుగ్యాసుతో నడిపేవారు. బొగ్గు రాజుకుని గ్యాసు పుట్టేదాకా ఇంజను కదలదు. నేనూ బీరయ్యా వంతులవారీగా బొగ్గుకు గాలి కొట్టే చేతిమర తిప్పాం. యంత్రాలు చదివినవాణ్ణి, అది ఎంత తొందరపెట్టినా తన సమయం తీసుకుంటుందని తెలుసు. తెలిసినా తిప్పాను.

దవాఖానలో ట్యూబ్ కొంతదూరం పోయి ఆగింది. డాక్టరు కొంచెం వెనక్కి లాగి మళ్లీ తోశాడు. మళ్లీ అక్కడే ఆగింది. డొక్కలో లావు సూది గుచ్చి గాలి తీశాడు. పొట్ట దిగి, మా కళ్ల ముందే మళ్లీ ఉబ్బింది.

"టార్షన్" అన్నాడు. "కోసి, సరిజేసి, కుట్టాలె. ఇంత పెద్ద కుక్కకు చేసినోళ్లను బొంబాయిల గూడ నేను చూడలె. నా దగ్గర క్లోరోఫాం ఉన్నది. దాంతోని బాధ లేకుండ పంపిస్త. అదే నాతోని అయ్యేది."

మేము చేసినవన్నీ వరుసగా చెప్పి, ఎక్కడ తప్పింది అని అడిగాను. ఎక్కడో ఒకచోట ఉండాలని నాకు అనిపించింది.

"ఎక్కడ తప్పలె" అన్నాడు డాక్టరు. "గీ జాతి కుక్కలకు ఛాతీ లోతు, లోపల పొట్ట ఊగుతది. అన్ని సరిగ్గ చేసినా ఒక్కోసారి గిట్లయితది."

ఇంజనీరింగు స్కూలులో మాకు అలాంటి జవాబు ఎవరూ నేర్పలేదు. నేను అమ్మవైపు చూశాను.

"వానికి అయితలేదు కొడుకా" అన్నది అమ్మ. "నన్ను జర కూసోనియ్యి."

ఆమె ఆ సిమెంటు గచ్చు మీద కూర్చుని, రోజూ కూర్చున్నట్టే వాడి వీపుకు తన వీపు ఆనించింది. అప్పటిదాకా లేవాలని పెనుగులాడుతున్న మేజరు తల కింద పెట్టాడు. డాక్టరు వాడి మూతి మీద క్లోరోఫాం గుడ్డ వేశాడు. నేను వాడి ముందుకాలు పట్టుకున్నాను. డాక్టరు రెండుసార్లు చెప్పాక గానీ అమ్మ లేవలేదు.

వాణ్ణి ఇంటికి తెచ్చుకున్నాం. సడకు కూలీలు గొయ్యి తవ్వారు. బీరయ్య వాడి నొసట బండారి పెట్టాడు.

తరువాతి ఆదివారం తెలియనివాళ్లు గిన్నెలతో వచ్చారు. అమ్మను లోపలికి పంపి నేనే చెబుదామనుకున్నాను. ఆమె వినలేదు. గేటు దగ్గర నిలబడి వచ్చినవారందరికీ తనే చెప్పింది, "పోయిండు." గిన్నె అందుకుని వీధికుక్కలకు పంచి, ఖాళీ గిన్నె తిరిగి ఇచ్చింది. చాలా ఆదివారాలు అలాగే చెప్పింది.

ఒక ఆదివారం మా పాత ఊరి ముసలామె ఒకతె వచ్చింది. కుక్క సంగతి విని అయ్యో అనుకుని, మాటల్లో మాటగా, నీ బిడ్డ మంచిగున్నదా అని అడిగింది. నేను వసారాలో ఉన్నాను. అత్తగారింటికాడ ఉన్నది అన్న మాట కోసం ఎదురుచూశాను.

"సుశీల గూడ పోయింది అక్కా" అన్నది అమ్మ. "జ్వరమొచ్చి పోయింది. నేను పక్కనే ఉన్న."

ఆ ఇద్దరూ గేటు దగ్గరే కింద కూర్చుని ఏడ్చారు. ఆ రాత్రి అమ్మ కడుపునిండా అన్నం తిన్నది.

ఇప్పుడు నాకు నల్గొండకు బదిలీ అయింది. మరో కుక్కను తెచ్చుకోలేదు. ఆదివారం అమ్మ వీధికుక్కలకు ముద్దలు పెడుతుంది. ఇక్కడి గోడల మీద చుక్కలు లేవు, సున్నం తెల్లగా ఉంది. ఆ తెలుపు నాకు ఇంకా అలవాటు కాలేదు.

మీ ఇంట పెద్ద కుక్క ఉంటే ఈ గుర్తులు మరవకండి. నిలకడ లేకుండా తిరగడం, పొట్టవైపు చూసుకోవడం, ఏమీ రాని వాంతి, డప్పులా మోగే పొట్ట. ఇవి కనబడితే నూనె, వాము అనుకోకుండా ఆ క్షణమే డాక్టరు దగ్గరికి బయలుదేరండి. అది రాకుండా ఏం చేయాలో కూడా రాద్దామని అమ్మను అడిగాను. ఆమె, "తిన్నంక జరసేపు దాని పక్కకు కూసోమని రాయి" అన్నది.